పరుగుకు పాస్‌పోర్టు, పార పనికి అకామా

కెన్యాలో పుట్టిన స్టీఫెన్ చెరోనో 2003 ఆగస్టులో ఖతర్ పౌరుడైండు. పేరు కూడా మారింది. సైఫ్ సయీద్ షాహీన్ అయిండు. అదే నెలలో పారిస్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మూడు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్ ఉరికి ఖతర్‌కు బంగారు పతకం తెచ్చిండు. రెండో స్థానంలో వచ్చింది కెన్యావాడే, ఎజెకీల్ కెంబోయి. అదే పరుగులో కెన్యా బనీను తొడుక్కొని షాహీన్ సొంత అన్న అబ్రహం చెరోనో కూడా ఉన్నడు. ఒక్క తల్లి బిడ్డలు, రెండు జెండాలు. జీవితాంతం నెలకు వెయ్యి డాలర్లు ఇస్తమని ఖతర్ మాట ఇచ్చిందని అప్పటి పత్రికలు రాసినయి. పేరు మారిన మరుసటేడు బ్రస్సెల్స్‌లో 7 నిమిషాల 53.63 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు పెట్టిండు. ఆ రికార్డు కూడా ఖతర్ ఖాతాలనే పడ్డది.

ఇప్పుడు మన నిజామాబాద్ ముచ్చట చూద్దాం. ఆర్మూర్, బాల్కొండ, బోధన్, కామారెడ్డి దిక్కు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలె. అక్కడికి పోయినంక పాస్‌పోర్టు కఫీల్ చేతిల పడుతది, మనోని చేతికి ఒక బతాకా వస్తది. అకామా రెన్యువల్ చేస్తే బతుకు, చెయ్యకుంటే ఖల్లివెల్లి. ఇరవై ఏండ్లు దోహాలో గోడలు కట్టినోడు, కరెంటు వైర్లు గుంజినోడు, రోడ్డు మీద డాంబరు పోసినోడు అరవై ఏండ్లకు సంచి భుజాన ఏసుకొని శంషాబాద్‌లో దిగుతడు. కొందరు పెట్టెలల్లనే దిగుతరు. ఖతర్ 2005లో చేసిన పౌరసత్వ చట్టం చూడండి. బయటి దేశపోడు ఆ గడ్డ మీద 25 ఏండ్లు ఉండాలె, అరబ్బీ రావాలె, బతుకుదెరువు ఉండాలె. ఇవన్నీ ఉన్నా ఇచ్చి తీరాలనే బలవంతం సర్కారుకు లేదు. ఉరికెటోనికి వారాలు, మోసెటోనికి పాతికేండ్లు. అవి దాటినా గ్యారంటీ లేదు.

షాహీన్ ఒక్కడే అయితే ఇంత రాసే పని లేకుండె. అతనికంటే ముందు బల్గేరియా వెయిట్‌లిఫ్టర్లను ఖతర్ తెచ్చుకున్నది. అందులో ఏంజెల్ పొపోవ్ అనేటాయన సయీద్ సైఫ్ అసద్ అయి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిండు. 2015లో ప్రపంచ హ్యాండ్‌బాల్ పోటీలు దోహాలోనే పెట్టుకున్నరు. సొంత గడ్డ మీద ఖతర్ జట్టు ఫైనల్ దాకా పోయి ఫ్రాన్స్ చేతిలో ఓడింది. ఆ జట్టులో స్పెయిన్, క్యూబా, మాంటెనెగ్రో, బోస్నియా, ఆఖరికి ఫ్రాన్స్‌లో పుట్టినోళ్లు కూడా ఉన్నరు. బహ్రెయిన్‌ది ఇంకో తీరు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆ దేశానికి మొట్టమొదటి బంగారు పతకం తెచ్చింది రూత్ జెబెట్, పుట్టింది కెన్యాలో. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే స్టీపుల్‌చేజ్‌లో బహ్రెయిన్‌కు మళ్లీ బంగారం తెచ్చిన విన్‌ఫ్రెడ్ యావి పుట్టింది కూడా కెన్యాలోనే.

దీన్ని చూసి ఆ ఆటగాళ్ల మీద దేశద్రోహులని ముద్ర వేసేటోళ్లు ఉన్నరు. మేం ఆ గుంపులో లేం. కెన్యా సంగతి ఒక ఉద్యోగ నోటిఫికేషన్ లాంటిది. ఒలింపిక్స్‌లో ఒక్కో పరుగుకు ఒక దేశం నుంచి ముగ్గురికి మించి పోనియ్యరు. కెన్యాలో స్టీపుల్‌చేజ్‌కు అర్హత ఉన్నోళ్లు కుప్పలు. పోస్టులు మూడు, అర్హులు ఎందరో. మూడో స్థానం తప్పి నాలుగో స్థానంలో పడ్డోడు ఏం చెయ్యాలె? గ్రూపు పరీక్షల్లో అర మార్కుతో పోయిన మన పిల్లలకు ఈ బాధ ఎవరూ చెప్పనక్కర లేదు. ఇంకో దేశం తలుపు తెరిస్తే పోతడు. కడుపు చేతవట్టుకొని నిజామాబాద్ పిల్లగాడు దుబాయికి పోయిన తీరుగనే పోతడు. తప్పు పట్టాల్సింది తలుపును. ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటది, ఎవరి ముఖం మీద మూసుకుంటది అనేదే లెక్క.

ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం ఆలస్యంగనైనా కండ్లు తెరిచింది. 2017 ఫిబ్రవరిలో దేశం మారుడు మొత్తానికే ఆపింది. 2018లో కొత్త నియమం పెట్టింది. దేశం మారితే మూడేండ్లు ఆగాలె, ఇరవై ఏండ్లు నిండని పిల్లలను మార్చొద్దు. ఒలింపిక్ చార్టర్‌లో కూడా మూడేండ్ల గడువు ఉన్నది, పాత దేశం ఒప్పుకుంటే తగ్గించొచ్చు. ఫుట్‌బాల్‌లో అయితే పుట్టుకతోనో, అమ్మానాన్నలు, తాతల వల్లనో హక్కు లేనోడు సాధారణంగా పద్దెనిమిదేండ్లు దాటినంక అయిదేండ్లు ఆ దేశంలో ఉండాలె. క్రికెట్‌లో మూడేండ్ల నివాసం చాలు, పాస్‌పోర్టు కూడా అడగరు.

ఈ అంకెలు చదువుతుంటే మనకు ఏదో యాదికొస్తలేదా? ముల్కీ! నిజాం జమానాలో పదిహేనేండ్ల నివాసం ఉన్నోడు ముల్కీ. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో వరుసగా నాలుగేండ్ల చదువు ఉన్నోడు లోకల్. ఎవరు ఈ గడ్డవాడు అనే ప్రశ్నకు లోకమంతా ఏండ్ల లెక్కతోనే జవాబు వెతుక్కుంటున్నది. తెలంగాణ బిడ్డలకు ఈ లెక్క కొత్తది కాదు. దీని కోసం ప్రాణాలు పోగొట్టుకున్నోళ్లం. 1952లో విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చింది బయటినుంచి వచ్చిన మనిషి మీద కోపంతో కాదు. పొద్దున రైలు దిగి మాపటికి దొంగ సర్టిఫికెట్ పుట్టించుకున్న బోగస్ ముల్కీ మీద. పదిహేనేండ్లు ఈ నీళ్లు తాగినోనితో అప్పుడూ పంచాయితీ లేదు. 610 జీవో 1985 డిసెంబర్ 30న వచ్చింది కూడా ఆ లెక్క తప్పినోళ్లను వాపసు పంపాలనే. అది అమలు కాక ఎన్ని కమిషన్లు, ఎన్ని ధర్నాలు అయినయో పాఠకులకు మేం చెప్పాల్నా?

ఆ కొలబద్దతోనే ఆటగాళ్లను కూడా కొలుద్దాం. తేజ నిడమనూరు విజయవాడలో పుట్టిండు. చిన్నప్పుడే న్యూజిలాండ్‌ పోయి ఆక్లాండ్‌లో పెరిగిండు. 2019లో నెదర్లాండ్స్‌కు పోయిండు. ఉద్యోగం చేసుకుంట, క్లబ్బు క్రికెట్ ఆడుకుంట గడువు నింపుకొని 2022లో ఆ దేశం జట్టులోకి వచ్చిండు. 2023 జూన్‌లో హరారేలో వెస్టిండీస్ కొట్టిన 374 పరుగులను నెదర్లాండ్స్ సమం చేసి సూపర్ ఓవర్‌లో గెలిచిన మ్యాచ్ గుర్తున్నదా? అందులో సెంచరీ కొట్టింది ఈ పిల్లగాడే. ఆ అక్టోబర్‌లో ప్రపంచకప్ కోసం మన ఉప్పల్ స్టేడియంకు నారింజ రంగు బట్టల్లో వచ్చిండు. తెలుగు గడ్డ మీద పుట్టినోడు తెలుగు గడ్డకే విదేశీ ఆటగాడై వచ్చిండు. అతన్ని ఎవరూ ద్రోహి అనలేదు, అనాల్సిన పనీ లేదు. మన భాషలో చెప్పాల్నంటే అతను అసలు సిసలు ముల్కీ. నాలుక మీద తెలుగు ఉన్నా, చెమట ఆ గడ్డ మీద పడ్డది.

ఒమన్ సంగతి మనకు ఇంకా దగ్గర. హైదరాబాద్‌లో పుట్టిన సందీప్ గౌడ్ 2021 టీ20 ప్రపంచకప్‌లో ఒమన్ జట్టులో ఉన్నడు. ఆ జట్టు కెప్టెన్ జీషాన్ మక్సూద్ పాకిస్థాన్‌లో పుట్టినోడు, ఓపెనర్ జతీందర్ సింగ్ పంజాబ్‌లో పుట్టినోడు. భారత్, పాకిస్థాన్ సరిహద్దు మీద కొట్లాడుతుంటే మస్కట్ మైదానంలో రెండు దేశాల బిడ్డలు ఒక్క జెండా కింద బ్యాటు పట్టినరు. ఆ జట్టులో చాలామంది కంపెనీల్లో కొలువు చేసుకుంట ఆడేటోళ్లే. చూడటానికి సక్కగనే ఉన్నది. కానీ క్రికెట్ నియమం నివాసం అడుగుతది, పౌరసత్వం అడగదు. కాబట్టి ఆ దేశం కోసం ఆడొచ్చు, ఆ దేశపోడు కావాల్సిన పని లేదు. ఆట అయిపోయినంక? కొలువు ఉన్నన్ని రోజులే అక్కడ నీడ. బంతి వేసినా, బట్టీ పెట్టినా గల్ఫ్‌లో వలసకూలీ బతుకు ఒక్కటే అనుకోవాల్నా?

అమెరికా సంగతి ఎక్కువ చెప్పే పని లేదు. 2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన అండర్-19 ఆడపిల్లల ప్రపంచకప్‌కు పోయిన అమెరికా జట్టులో అందరూ భారత సంతతి పిల్లలే. కెప్టెన్ గీతిక కొడాలి. ఇంటిపేరు చెప్తనే ఉన్నది ఎక్కడి మూలమో. వాళ్లు పెరిగిన దేశానికే వాళ్లు ఆడుతున్నరు, అందులో వింత లేదు.

చెరుకు ప్రాంతపోళ్లకు చెప్పాల్సిన పేరు ఇంకోటి ఉన్నది. వికాష్ దొరాసూ. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ జట్టు ఆటగాడు. లియోన్‌కు, ఇటలీలో ఏసీ మిలాన్‌కు ఆడినోడు. పుట్టింది ఫ్రాన్స్‌లోని ఆర్‌ఫ్లోర్ అనే చిన్న ఊరిలో. అమ్మానాన్నలది మారిషస్ మూలం. వెనుకటి తరాలు తెలుగోళ్లు. బానిసత్వం రద్దు అయినంక 1834 నుంచి తెల్లదొరలు మారిషస్ చెరుకు తోటలకు భారతదేశం నుంచి కాంట్రాక్టు కూలీలను ఓడలల్ల తోలుకపోయినరు. తెలుగు కూలీలను అక్కడ కొరంగీలు అనేటోళ్లు, కోరంగి రేవు పేరు మీద. చేతిల కొడవలి, మెడ మీద కాంట్రాక్టు. చెరుకు కొట్టనీకి పోయిన కూలీల వంశంలో పుట్టినోడు జిదాన్ పక్కన నిలబడి ఫ్రాన్స్ జాతీయ గీతం పాడిండు. భారత సంతతి నుంచి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆడిన మొదటివాడని ఆయన గురించి చెప్తరు.

అదే జట్టులో పాట్రిక్ వియెరా పుట్టింది సెనెగల్‌లో, క్లాడ్ మకెలెలె పుట్టింది అప్పటి జైర్‌లో. జిదాన్ అమ్మానాన్నలది అల్జీరియా. ఇసొంటి ఆటగాళ్లను చూసే 1996లో జాన్-మారీ లె పెన్ అనే నాయకుడు, బయటినుంచి తెచ్చి ఫ్రాన్స్ జట్టు అంటరా అని ఎగతాళి చేసిండు. రెండేండ్లకు ఆ జట్టే ప్రపంచకప్ గెలిచింది. లె పెన్ మాటకు, మా బోగస్ ముల్కీ మాటకు తేడా ఉన్నదని మళ్లీ చెప్తున్నం. ఆయన అడిగింది రంగు, పుట్టుక. మేం అడిగేది ఆ గడ్డ మీద బతికిన బతుకు. ఈ తేడా తెలియనోడు తెలంగాణ ఉద్యమాన్ని కూడా అర్థం చేసుకోలేదు. "బతకవచ్చినోళ్లను ఎల్లగొడుతరట" అని పట్నంలో ప్రచారం చేసిన పత్రికలు మనకు తెల్వనియా?

మా బోధన్‌లో చెరుకు కథ మారిషస్‌కు ఉల్టా నడిచింది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువల కింద చెరుకు లేచింది. 1930ల్లోనే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని పేరు. నీళ్లు చూసి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నరు. బోధన్, వర్ని, కోటగిరి దిక్కు ఇప్పటికీ ఊరి పేరు చివర క్యాంపు అనే మాట వినొస్తది. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఇక్కడే పుట్టి ఇక్కడే చదివి ఇక్కడే ఓటేస్తున్నరు. రేపు ఆ క్యాంపు పిల్ల ఒకతి తెలంగాణ బనీను తొడుక్కొని జాతీయ పోటీల్లో గెలిస్తే మనం ఏమనాలె? తెలంగాణ బిడ్డ అనాలె. సందేహమే లేదు.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు ఏమైందో అందరికీ ఎరుకే. 2002లో ప్రైవేటుకు అప్పజెప్పినరు. రాష్ట్రం వస్తే సర్కారే నడిపిస్తదన్నరు. 2014లో రాష్ట్రం వచ్చింది. 2015 డిసెంబర్‌లో ఉన్న పొయ్యి కూడా ఆరింది. శక్కర్‌నగర్ క్వార్టర్ల పిల్లలు ఏ మైదానంలో ఆడాలె? తండ్రికి జీతం లేనోడు బూట్లు కొనుక్కొని గ్రౌండ్‌కు పోతడా, ఏజెంటుకు పైసలు కట్టి వీసా తెచ్చుకుంటడా? ఆటగాడు దేశం మారుడు గురించి టీవీలల్ల చర్చలు పెడుతరు. మైదానం దాకనే రాకుండ విమానం ఎక్కిన పిల్లల గురించి ఎవరు పెట్టాలె?

పాత సంగతి ఒకటి. ఆసిఫ్ ఇక్బాల్ 1943లో హైదరాబాద్‌లో పుట్టిండు. హైదరాబాద్ జట్టుకు రంజీ ట్రోఫీ ఆడిండు. భారత జట్టుకు కెప్టెన్సీ చేసిన గులాం అహ్మద్ ఆయనకు మేనమామ వరుస. 1961లో పాకిస్థాన్‌కు పోయిండు. ఆ దేశానికి 58 టెస్టులు ఆడిండు, కెప్టెన్ అయిండు. 1979-80లో అదే హోదాలో పుట్టిన దేశానికి జట్టును తోలుకొని వచ్చిండు. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో తన ఆఖరి టెస్టు ఆడి బ్యాటు పట్టుకొని వెనుకకు నడుస్తుంటే ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టినరు. పోలీస్ యాక్షన్ తర్వాత ఇంట్లో సగం మంది ఇక్కడ, సగం మంది కరాచీలో అయిన కుటుంబాలు నిజామాబాద్‌లో, బోధన్‌లో ఎన్నో. ఆ చప్పట్ల అర్థం వాళ్లకు తెలుస్తది.

సానియా మీర్జాది దీనికి పూర్తిగా వేరే కథ, కానీ పడ్డ మాట అదే. 2010లో పాకిస్థాన్ క్రికెటర్‌ను పెండ్లి చేసుకున్నది. దేశం మాత్రం మారలేదు. 2023లో ఆట విడిచేదాకా భారత్‌కే ఆడింది. 2014 జూలైలో కొత్త రాష్ట్ర సర్కారు ఆమెను బ్రాండ్ అంబాసిడర్ చేసి కోటి రూపాయలిస్తే, బీజేపీ శాసనసభాపక్ష నేత లక్ష్మణ్ గారు ఆమెను పాకిస్థాన్ కోడలు అన్నరు. ముంబైలో పుట్టిందన్నరు, ఉద్యమంలో లేదన్నరు. ముంబైలో పుట్టినా, బతికింది, ఆట నేర్చింది హైదరాబాద్‌లో కాదా? స్థానికత కోసం కొట్లాడిన తెలంగాణలో, ఉద్యమం పేరు చెప్పి స్థానికురాలినే బయటిదాన్ని చేసే మాట రావడం మాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. రెండేండ్లకు రియోలో సింధు వెండి పతకం గెలిస్తే తెలంగాణ అయిదు కోట్లు, ఆంధ్ర మూడు కోట్లు ప్రకటించి మా బిడ్డ అంటే మా బిడ్డ అని పోటీ పడ్డయి. గెలిస్తే మా బిడ్డ, నచ్చకుంటే పరాయి కోడలు.

ఢిల్లీ సర్కారు తీరు కూడా చూడాలె. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి ఆటగాళ్లు దేశానికి ఆడొద్దని 2008 డిసెంబర్‌లో క్రీడా శాఖ తేల్చింది. అంతకుముందు ఆడిన ప్రకాశ్ అమృతరాజ్, సునీతా రావు లాంటి టెన్నిస్ ఆటగాళ్లకు తలుపు పడ్డది. ఆడాల్నంటే పాత పాస్‌పోర్టు విడిచిపెట్టాలె. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి అట్లనే విడిచిపెట్టి 2013లో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడిండు. ఈ నియమంతో మాకు పెద్ద పేచీ లేదు. జెండా మొయ్యాల్నంటే ఆ దేశం కష్టసుఖాల్లో భాగం కావాలనుడు న్యాయమే. పేచీ వేరే దగ్గర ఉన్నది. విదేశీ పౌరసత్వం తీసుకున్న డాలర్ల ప్రవాసికి ఎర్ర తివాచీ పరిచి కార్డు ఇస్తరు. భారత పౌరుడిగనే ఉండి ఇంటికి రియాళ్లు పంపే గల్ఫ్ కార్మికుడు చచ్చిపోతే, శవం కోసం ఇంటోళ్లు నెలలు తిరుగుతరు.

నిఖత్ జరీన్ పేరు లేకుండా నిజామాబాద్‌లో ఆటల ముచ్చట పూర్తి కాదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ గారు పదిహేనేండ్లు సౌదీలో సేల్స్ పని చేసి, బిడ్డల చదువు, ఆట కోసం నిజామాబాద్‌కు వాపసు వచ్చినరు. పదిహేనేండ్లు! ముల్కీ లెక్కన ఆయన సౌదీలో పక్కా స్థానికుడు కావాలె. సౌదీ లెక్కన ఆయన ఒక అకామా నంబరు. ఆయన వాపసు రాకపోతే, కుటుంబం అక్కడనే ఉంటే, ఆ పిల్ల గ్లౌజులు తొడిగేదా? సౌదీ ఆడపిల్లలను ఒలింపిక్స్‌కు మొదటిసారి పంపిందే 2012లో. నిజామాబాద్‌లో సంసముద్దీన్ గారి దగ్గర మొదటి గుద్దు నేర్చుకున్నది. తర్వాత విశాఖపట్నం సాయ్ కేంద్రంలో వెంకటేశ్వరరావు గారి దగ్గర సాన పట్టుకున్నది. అవును, విశాఖపట్నంలోనే. ఆ గురువుకు దండం పెట్టాలె. అదే నోటితో, నాడు ఆ శిక్షణ నిజామాబాద్‌లో, హైదరాబాద్‌లో ఎందుకు దొరకలేదని కూడా అడగాలె. సంసముద్దీన్ గారి కొడుకు హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిండు. ఒక్క చిన్న పట్నం నుంచి ఇద్దరు ప్రపంచ స్థాయి బాక్సర్లు. సర్కారు సౌకర్యాలతో వచ్చినరా, ఇంటోళ్ల పట్టుదలతో వచ్చినరా, లెక్క ఎవరైనా వెయ్యొచ్చు.

ఇక ముందున్నది పెద్ద పని. 2030 ఆసియా క్రీడలు దోహాలో, 2034 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సౌదీలో. 2022 ప్రపంచకప్ కోసం ఖతర్ ఎనిమిది స్టేడియంలు సిద్ధం చేస్తే, ఏడు కొత్తగా కట్టినయే. అవి లేచింది దక్షిణాసియా కూలీల భుజాల మీద. యజమాని ఒప్పుకోకున్నా కార్మికుడు కంపెనీ మారొచ్చని 2020లో ఖతర్ చట్టం మార్చింది. లోకమంతా ప్రపంచకప్ మీద కండ్లు పెట్టి ఒత్తిడి తెస్తేనే అది జరిగింది. ఇప్పుడు సౌదీకి కండ్లు తిప్పాలె. స్టేడియం పనులకు నిజామాబాద్, ఆర్మూర్, జగిత్యాల ఏజెంట్ల దగ్గర వీసాలు తెరుచుకుంటయి. మన పిల్లలు పోతరు, ఆపలేం. చనిపోయిన గల్ఫ్ కార్మికుని కుటుంబానికి అయిదు లక్షలు ఇస్తమని 2024లో రాష్ట్ర సర్కారు ఉత్తర్వు ఇచ్చింది, మంచిదే. కానీ అది మనిషి పోయినంక ఇచ్చేది. మనిషి పోకముందే ఒప్పందం కాగితం తెలుగులో, ఉర్దూలో చేతికి రావాలె. ఏ కంపెనీ, ఏ స్టేడియం, ఎంత జీతం, ఎండల్లో ఎన్ని గంటలు అనేది అందులో ఉండాలె. పాస్‌పోర్టు కార్మికుని దగ్గరే ఉంటదని ఢిల్లీ సర్కారు రియాద్‌తో రాయించుకోవాలె. బోధన్, నిజామాబాద్ ఎమ్మెల్యేలు, ఎంపీ ఈ మాట సభల్లో ఎప్పుడు లేవనెత్తుతరో తేదీ చెప్పాలె.